ఏసీ కొనే ముందు ఒకసారి మిద్దె ఎక్కి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా మామయ్య పద్దెనిమిదేళ్ల కిందట కట్టించిన ఇల్లు. కింద అత్తమ్మ, మామయ్య ఉంటారు. పై అంతస్తులో మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు ఉంటాం. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాటే దాకా పై గదుల్లో నిలవలేం. ఫ్యాను వేస్తే వేడిగాలే కొడుతుంది. పాత ఇనుప కూలర్ ఉంది కానీ, అది వేస్తే గదంతా జిగటగా అవుతోంది. దాన్ని ముట్టుకుంటే ఒక్కోసారి చెయ్యి జివ్వుమంటుంది కూడా. వాయిదాల మీద ఏసీ కొందామని మా వారు అంటున్నారు. మిద్దెకు సున్నం కొట్టిస్తే చాలని అత్తమ్మ అంటారు. పోయిన వానాకాలం దేవుడి గది మూలన పైకప్పు చెమ్మ పట్టి పెచ్చు ఊడింది. ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయి. చేతిలో 20,000 రూపాయలు ఉన్నాయి. ముందు ఏది చేయించాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం నిండా వేడి గురించే ఉంది. మధ్యలో ఒకచోట కూలర్‌ను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందని రాసి, వెంటనే ఏసీ సంగతికి వెళ్లిపోయారు. మీ ఇంట్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ కూలర్‌నే. మిద్దె, ట్యాంకు, ఏసీ అన్నీ ఆ తర్వాతే. ఇది చదవగానే లేచి వెళ్లి, ముందు స్విచ్చి ఆపి, కూలర్ ప్లగ్గు తీసేయండి. తీసి అక్కడే వదిలేస్తే పిల్లలో, ఇంటికి వచ్చిన చుట్టాలో మళ్లీ పెడతారు. కనుక కూలర్‌ను గదిలోంచి బయటికి చేర్చండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి బాగు చేసేదాకా దాన్ని వాడొద్దు. అప్పటిదాకా అందరూ కింది అంతస్తులోనే సర్దుకుని పడుకోండి.

చెయ్యి జివ్వుమనడం వెనక జరుగుతున్నది ఇది. కూలర్ మోటారులోనో, నీళ్లు పైకి ఎక్కించే చిన్న పంపులోనో తీగ మీది పూత దెబ్బతిని, కరెంటు ఇనుప పెట్టెలోకి దిగుతోంది. అలా దిగిన కరెంటును నేలలోకి పంపడానికే ఎర్త్ తీగ ఉంటుంది. ఆ తీగ లేకపోయినా, ఉండీ పనిచేయకపోయినా, పెట్టెను ముట్టుకున్న మనిషి గుండానే కరెంటు నేలలోకి పోతుంది. కాళ్లకు పొడి చెప్పులు ఉంటే జివ్వుమని వదిలేస్తుంది. అదే మనిషి తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి బకెట్టుతో నీళ్లు నింపుతూ ముట్టుకుంటే వదలదు. ఎండాకాలంలో కూలర్ షాకుతో ప్రాణం పోయిందన్న వార్త మన జిల్లాల పత్రికల్లో కనబడని ఏడు లేదు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే తీసేయాలి అని ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ కచ్చితంగా చెప్పండి. పాత వైరింగులో స్విచ్చి ఒక్కోసారి కరెంటు తెచ్చే ఫేజు తీగ మీద కాకుండా, అది తిరిగి పోయే న్యూట్రల్ తీగ మీద ఉంటుంది. అప్పుడు స్విచ్చి ఆపినా కూలర్‌లో కరెంటు ఉన్నట్టే.

బోర్డులో ఎంసీబీలు, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే మీటలు ఉన్నాయి కదా, అవి పడిపోవా అని మీ వారు అడగవచ్చు. పడవు. ఎంసీబీ తీగలను కాపాడడానికి పెట్టింది. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు ప్రవహించాలి. మనిషి గుండె ఆగిపోవడానికి ఒక్క ఆంపియరులో ఇరవయ్యో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే మరో మీట. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో లైను తెంచేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లదే అడిగి తెచ్చుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దుకాణాల్లో ఉంటాయి కానీ, అవి మనుషుల కోసం కాదు. బిగించే కూలితో కలిపి రెండు మూడు వేలు అవుతుంది. ఎంసీబీలు తీసేసి దీన్ని పెట్టడం కాదు, అవి ఉండగానే వాటికి తోడుగా ఇది ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టగానే ఊరికే పడిపోతూ ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తీగ, ఎర్త్ తీగ కలిసిపోయి ఉంటాయి, లేదా ఇన్వర్టర్ లైను న్యూట్రల్ మరో గదితో కలిసి ఉంటుంది. ఓపిక లేని పనివాడు "ఇది మీ ఇంటికి పనికిరాదమ్మా" అని దాన్ని తప్పించి నేరుగా కలిపేసి వెళ్లిపోతాడు. అలా కలపనివ్వకండి. పడుతోందంటే లోపం దొరుకుతోందని అర్థం. ఒక పూట కూలి ఎక్కువైనా ఆ లోపం వెతికించండి. అలాగే ఎర్త్ లేని చోట ప్లగ్గులో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపి పని అయిందనిపించే వాళ్లూ ఉన్నారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువులోకీ అది కరెంటును తెచ్చి పెడుతుంది.

ఎర్త్ గుంత ఎక్కడుందో మీ మామయ్యను అడగండి. కట్టించిన మనిషికే అది గుర్తుంటుంది. చాలా ఇళ్లలో దాని మీద బండలు పరిచేసి ఉంటారు. హనుమకొండ చుట్టుపక్కల నేల చాలాచోట్ల మొరం, కాస్త తవ్వితే రాయి. తడి ఉన్నన్నాళ్లు కరెంటును బాగానే తీసుకునే ఆ నేల ఎండాకాలంలో పొడిబారి తీసుకోవడం మానేస్తుంది. కూలర్లు బయటికి తీసేదీ ఆ నెలల్లోనే. అందుకని ఎర్త్ గుంతలో వారానికి రెండు మూడుసార్లు రెండేసి బకెట్ల నీళ్లు పోయండి. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లయినా పరవాలేదు. గుంత పాతబడి పైపు తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయించుకోవడమే మేలు. దానికి ఇంకో మూడు నాలుగు వేలు పెట్టడానికి వెనకాడకండి. తీగల్లో తప్పు మీటరుకు అవతల, స్తంభం వైపు ఉందని ఎలక్ట్రీషియన్ చెబితే మాత్రం మీరు ముట్టుకోవద్దు, విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి.

కూలర్ బాగయ్యాక దాన్ని పెట్టే తీరు కూడా మార్చాలి. గది జిగటగా అవుతోందంటే కూలర్‌ను గది లోపల పెట్టి తలుపులు, కిటికీలు మూస్తున్నారన్నమాట. కూలర్ బయటి పొడిగాలిని లాగి, తడి గడ్డి గుండా పంపి చల్లబరుస్తుంది. అదే గాలిని మళ్లీ మళ్లీ లాగితే కాసేపటికి ఆ గాలి ఇక తడిని పీల్చుకోలేదు, చల్లదనం పోయి చెమ్మ మిగులుతుంది. వీపు బయటికి ఉండేలా కిటికీలో అమర్చి, దానికి ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో జానెడు తెరిచి ఉంచండి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో పెద్దగా ఉపయోగపడని కూలర్ మన దగ్గరి పొడి ఎండల్లో చక్కగా పనిచేస్తుంది. మృగశిర కార్తె వచ్చి గాలిలో తేమ పెరిగేదాకా దాన్ని నమ్ముకోవచ్చు. గడ్డి ఏటా మార్చండి. బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో పంపును, తొట్టిని కడగండి. వారానికోసారి తొట్టి పూర్తిగా వంచి, లోపలి అంచులను గట్టిగా తోమి, ఆరనివ్వాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం కూలర్ నడపవద్దు.

ఇక మిద్దె సంగతి. మీ అత్తమ్మ చెప్పిన మాట నూటికి తొంభై పాళ్లు సరైనది. మిగిలిన పది పాళ్లేమిటో కూడా చెబుతాను.

పై గదిలో వేడి కిటికీల్లోంచి వచ్చేది కొంతే, ఎక్కువగా వచ్చేది నెత్తి మీది స్లాబు నుంచి. ఏళ్ల తరబడి నాచు పట్టి, ఎండి, నల్లబడిన సిమెంటు గచ్చు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది. నాలుగైదు అంగుళాల స్లాబు గుండా ఆ వేడి అడుగుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ తగ్గిన సాయంత్రం వేళ మీ గది మరింత కాగుతుంది. రాత్రి పదకొండు దాటే దాకా ఫ్యాను కిందికి నెట్టేది స్లాబు కింద చేరిన ఆ వేడిగాలినే. ఇప్పుడున్న స్లాబు కింద ఏసీ పెడితే అది గదిని చల్లబరచడం కంటే స్లాబుతో పోట్లాడడానికే ఎక్కువ కరెంటు కాల్చుతుంది. బిల్లు చూసి మీరు దాన్ని రాత్రి రెండు గంటలకు మించి వాడరు. తెల్లటి పై పూత ఎండను వెనక్కి కొడుతుంది. దాని వల్ల పై అంతస్తు గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. 44 డిగ్రీల ఎండలో మూడు డిగ్రీలు తగ్గడమంటే ఎంత తేడానో పడుకున్న పిల్లలను చూస్తే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ల కాలానికి చల్లని పైకప్పుల విధానం తెచ్చి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ దాన్ని తప్పనిసరి చేసింది కూడా ఇందుకే. అంతకంటే చిన్న ఇళ్లకు ఆ నిర్బంధం లేదు. కానీ ఎండకు చిన్న ఇల్లు, పెద్ద ఇల్లు అన్న తేడా లేదు కదా.

సున్నం అన్నిటికంటే చవక. సరుకు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, రెండు మూడు పూటల పని. రాళ్ల సున్నం తెస్తే ముందు రోజే పెద్ద ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి. నీళ్లు పోయగానే అది కుతకుత ఉడుకుతుంది, చిమ్ముతుంది. ఆ రోజు పిల్లలను మిద్దె మీదికి రానివ్వకండి. సున్నం కంట్లో పడితే చూపే పోయే ప్రమాదం ఉంది. పడితే ధారగా మంచినీళ్లతో చాలాసేపు కడుగుతూనే ఉండి, ఆసుపత్రికి పరుగెత్తాలి. కలిపేవారికి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. తయారైన సున్నాన్ని పలుచటి గుడ్డలో వడగట్టి, గోడలకు వాడే జిగురు కొద్దిగా కలిపితే పట్టు వస్తుంది. మిద్దెను ఇనుప బ్రష్షుతో గీకి, ఊడ్చి, కడిగి, నేల ఇంకా తడిగా ఉండగానే పలుచగా ఒక పూత వేయించండి. అది ఆరాక రెండోది, ఆపైన మూడోది. ఒకేసారి చిక్కగా పూస్తే అట్టలు అట్టలుగా లేచిపోతుంది. ఈ పనంతా తెల్లవారుజామునో, సాయంత్రం ఐదు దాటాకో జరగాలి. ఎండలో వేసిన పూత నిలవదు, వేసే మనిషికీ వడదెబ్బ తగులుతుంది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే జాగా కొంత వదిలేయించండి. ఎక్కువగా నడిచే చోట సున్నం త్వరగా అరిగిపోతుంది, ఎండబెట్టిన వాటికి అంటుతుంది కూడా.

ఇక ఆ పది పాళ్ల సంగతి. సున్నం ఎండను ఆపుతుంది కానీ నీటిని ఆపదు. వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, సున్నం మీద ఇంకే రంగూ నిలవదు. ముందుముందు కూల్ కోటింగ్ అని అమ్మే తెల్ల రబ్బరు పూత వేయించాలనుకుంటే, ఉన్న సున్నం మొత్తం గీకించాలి. ఆ పూత నాలుగైదేళ్లు నిలుస్తుంది, చిన్న పగుళ్లలోకి నీరు దిగకుండా కూడా చూస్తుంది, కానీ మిద్దె మొత్తానికి వేయిస్తే మీ 20,000లో చాలా భాగం అక్కడే అయిపోతుంది. అందుకని ఈ ఏడు మిద్దె మొత్తానికి సున్నం, చెమ్మ పట్టిన మూలకు మాత్రం గట్టి పూత వేయించమని నా సలహా. వచ్చే ఏడు వానలకు కరిగి మిగిలిన కాస్త సున్నాన్ని గీకడం తేలిక.

కొందరు మధ్యాహ్నం పూట మిద్దె మీద నీళ్లు కుమ్మరిస్తారు. కాలుతున్న స్లాబు మీద నీళ్లు పడితే పగుళ్లు పెరుగుతాయి, పోసిన నీళ్లేమో కాసేపట్లో ఆవిరవుతాయి. బోర్లు అడుగంటే రోజుల్లో అన్ని నీళ్లు పోసే బదులు ఒక్కసారి సున్నం వేయడమే నయం. ఆకుపచ్చ నెట్టుతో చలువ పందిరి వేసే అలవాటు మాత్రం మంచిది, ముఖ్యంగా పడమటి గది మీద. నెట్టును స్లాబుకు తాకకుండా మనిషెత్తున కట్టాలి, మధ్యలో గాలి ఆడాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి లేచే గాలిదుమారం, వడగళ్లు మన దగ్గర మామూలే కనుక, అవసరమైతే ఐదు నిమిషాల్లో విప్పేలా ముడులు ఉండాలి. నీళ్ల ట్యాంకు గోడకో, కేబుల్ తీగల స్తంభానికో కట్టకండి. పడమటి కిటికీలకు లోపల మందపాటి పరదాలు వేయడం కంటే బయట వెదురు తడకలు దించడం ఎక్కువ పనిచేస్తుంది. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని పరదా బయటికి పంపలేదు.

దేవుడి గది మూల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని వానాకాలంలో తలచుకుని ఎండాకాలంలో మరచిపోతారు. బాగు చేయించాల్సింది ఇప్పుడే. ముందు ఒకటి చూడండి. వాన లేని ఈ రోజుల్లో కూడా ఆ మరక తడిగా ఉందా? ఉంటే అది వాన నీరు కాదు, ట్యాంకు నుంచి వచ్చే పైపో, ట్యాంకు పొంగి పారే నీరో. ప్లంబరును పిలవండి. మరక పూర్తిగా పొడిగా ఉంటే అది మిద్దె మీది పగులు. కింద మరక ఎక్కడుందో పైన పగులు సరిగ్గా అక్కడే ఉండాలనేమీ లేదు. నీరు స్లాబులో ప్రయాణం చేసి ఎక్కడో తేలుతుంది. పిట్టగోడా స్లాబూ కలిసే మూల, వానపైపు నోరు, ట్యాంకు దిమ్మె చుట్టూ, ఈ మూడు చోట్లా ముందు వెతకండి. అనుమానం ఉన్న మేరకు చుట్టూ జానెడు ఎత్తున బంకమట్టి కట్ట కట్టి, అంగుళం లోతు నీళ్లు నిలిపి, రెండు రోజులు కింద చూస్తూ ఉంటే దొరికిపోతుంది. మిద్దె మొత్తం నింపాల్సిన పని లేదు. ఆ నీళ్లు ఆరే తీరులో వాటం కూడా తెలుస్తుంది. వానపైపు వైపు పోకుండా ఏ మూలనైనా నీరు నిలుస్తోందంటే అక్కడ వాటం తిరగవేయించాలి.

పగులు మీద సిమెంటు నీళ్లు పూసి పోయే మిస్త్రీకి ఈ పని ఇవ్వకండి. పగులును వెడల్పు చేసి, దుమ్మంతా తీసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ మూలన నీరు నిలవకుండా గుండ్రంగా గోలా తీయాలి. సిమెంటు పనికి తడి కావాలి, పైన వేసే రబ్బరు పూతకు పొడి కావాలి. కనుక సిమెంటు పని అయ్యాక వారం రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచి, తర్వాత బాగా ఆరనిచ్చి, మూల చుట్టూ రెండడుగుల మేర జాలీ గుడ్డ పరిచి రెండు పూతలు వేయించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే ఆఖరున వేసిన సిమెంటు గట్టిపడే లోపే నీరు కోల్పోయి మళ్లీ పగులుతుంది. ఏప్రిల్‌లోనే మొదలుపెడితే మే మధ్యకల్లా ముగిసి, మృగశిర నాటికి సిద్ధంగా ఉంటుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మన ఊళ్లో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. అలాంటి వాన ఏటా రాదు. వచ్చిన నాడు మాత్రం వానపైపు నోట్లో ఇరుక్కున్న కొబ్బరి పీచో, ప్లాస్టిక్ సంచో మిద్దెను చెరువు చేయగలదు.

ఊడిన పెచ్చు దగ్గర ఇనుప చువ్వ కనబడుతోందా అన్నది మీరు రాయలేదు. కర్రతో చుట్టుపక్కల మెల్లగా కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే అక్కడ పెచ్చు విడిపోయి వేలాడుతోందని అర్థం, దాన్ని దించేయాలి. అప్పటిదాకా ఆ మూల కింద ఎవరినీ కూర్చోనివ్వకండి, పటాలు అవతలి గోడకు మార్చండి. చువ్వ తుప్పు పట్టి ఉంటే తుప్పు గీకించి, తుప్పు పట్టకుండా పూత వేయించి, ఆ తర్వాతే సిమెంటు. ఒకటికి మించి చువ్వలు పొరలు పొరలుగా ఊడుతుంటే మిస్త్రీ మాట మీద ఆధారపడకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. ఫాల్స్ సీలింగ్ వేస్తే వేడి తగ్గుతుందని, మరకా కనబడదని ఎవరైనా చెబితే వినకండి. మరక కనబడకపోతే లోపల చువ్వలు తినేసేదాకా మీకు తెలియదు.

పనికి వచ్చేవాళ్లను పొద్దున ఆరింటికే రమ్మని, పదిన్నరకు దింపేయండి. సాయంత్రం మళ్లీ రావచ్చు. రెండు పూటలుగా వస్తే కూలి కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. మధ్యలో మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వండి. పని తొందరలో ఉండి మిట్టమధ్యాహ్నం మిద్దె మీద నిలబెట్టడం ఏ ఇంటికీ తగదు.

ట్యాంకు పని ఒక పూటది. నీళ్లన్నీ వదిలేసి, అడుగున చేరిన బురద తోడి, గోడలు తోమి కడిగాక మళ్లీ నింపి, 1,000 లీటర్లకు 200 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరును బకెట్టులో కలిపి, పైకి తేరిన నీటిని పోయండి. నాలుగైదు గంటలు ఉంచి, పైపుల్లోంచి కూడా వదిలి, మొత్తం పారబోసి, మళ్లీ కడిగి వాడుకోవాలి. ఆ పూట ఆ నీటిని ఎవరూ తాగకూడదు. బ్లీచింగును బాత్రూమ్ యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. వాసనకు కారణం తరచుగా మూత. కోతులు మూతలు ఎత్తి పారేయడం మనకు తెలిసిందే. చిల్లులు చేసి తీగతో బిగించి కట్టండి, పొంగు పైపు నోటికి సన్నటి జాలీ చుట్టండి, లేకపోతే బల్లులు దూరతాయి. కింద సంపు కూడా ఉంటే దాన్ని కడగడానికి మనిషిని ఒంటరిగా దింపకండి. మూసి ఉన్న సంపులో ఊపిరి ఆడక చనిపోయినవాళ్లు ఉన్నారు. ముందు రోజే మూత తీసి ఉంచి, ఫ్యానుతో లోపలికి గాలి కొట్టించి, పైన ఇంకొకరు కనిపెట్టుకుని ఉండగానే దిగాలి.

మెట్ల మీద రేకులు ఉంటే వాటి బోల్టులు కూడా ఇప్పుడే బిగింపించండి. గాలిదుమారంలో ఎగిరిన రేకు పక్కింటివాళ్ల మీద పడుతుంది.

డబ్బు లెక్కకు వస్తే, ఆర్‌సీసీబీ, ఎర్త్ గుంత, కూలర్ మరమ్మతు కలిపి ఏడెనిమిది వేలు అనుకోండి. మిద్దె మూల పనికి ఆరేడు వేలు, సున్నానికి కూలితో కలిపి రెండు మూడు వేలు, ట్యాంకుకు వెయ్యి లోపు. ధరలు మనిషిని బట్టి, పనిని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి.

ఏసీ కొందామన్న మీ వారి మాటను నేను తీసిపారేయడం లేదు. రాత్రి కూడా వేడి దిగని రోజులు మన దగ్గర ఉన్నాయి. పసిపిల్లలకు, పెద్దవాళ్లకు అప్పుడు ఏసీ విలాసం కాదు. నేను చెప్పేది వరుస మాత్రమే. ఈ ఏడు మిద్దె చల్లబరచి, కూలర్‌ను సరిగా పెట్టి, మధ్యాహ్నాలు పిల్లలను కింద నానమ్మ దగ్గర పడుకోబెట్టి చూడండి. అయినా నిద్ర పట్టడం లేదంటే అప్పుడు కొనండి. చల్లబడిన స్లాబు కింద ఒకటిన్నర టన్నుకు బదులు ఒక టన్నుది సరిపోయే అవకాశం ఉంది, వాయిదా కూడా తగ్గుతుంది. కొంటే మీటరు బోర్డు నుంచి దానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను వేయించండి. కూలర్ ఉన్న ప్లగ్గు దగ్గరే దాన్నీ తగిలించనివ్వకండి. కొత్త ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. అక్కడ ఉంచి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలు, 18కి దించితే గది త్వరగా చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. మీ కనెక్షన్ లోడు ఎంతో బిల్లు మీద చూసి, చాలకపోతే ఏసీ ఇంటికి రాకముందే నక్కలగుట్టలో ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలోనో, మీ దగ్గరి సెక్షన్ కార్యాలయంలోనో లోడు పెంపుకు దరఖాస్తు పెట్టుకోండి.